ఏడు చరణాల పాట

మా పక్కింటి రేడియో అంకుల్ పోయారు. మూడు వారాల కిందట, మంగళవారం పొద్దున నేను బిషాన్‌లో ఆఫీసులో ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. కాలేజీకి బయలుదేరుతూ తలుపు తీస్తే, అంబులెన్స్ మనుషులు ఖాళీ స్ట్రెచర్‌తో మా అంతస్తులో లిఫ్టు కోసం నిలబడి ఉన్నారట. "అమ్మా, రేడియో అంకుల్... దే ఆర్ నాట్ రషింగ్," అంది. ఎవరూ తొందరపడటం లేదన్న ఆ ఒక్క మాటతో నాకు విషయం తెలిసిపోయింది. నిద్రలోనే పోయారని తర్వాత ఆంటీ చెప్పింది. ఎనభై ఆరేళ్ళు. నిండు వయసే కదా అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నాకు మాత్రం అలా సరిపెట్టుకోవడం చేతకావడం లేదు.

నేను నిమిషాల మనిషిని. ఒక బస్సుల కంపెనీలో డ్రైవర్లకి డ్యూటీలు వేయడం నా ఉద్యోగం. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి టీ తాగాలి, ఆ టీకి ఎన్ని నిమిషాలు, అన్నీ నా చేతిలోనే ఉంటాయి. ఇంట్లో పప్పు ఎన్ని నిమిషాలు ఉడికిందో గడియారం చూసి చెప్పే నా తీరుకి మా ఆయన వెక్కిరిస్తాడు. అలాంటి నాకు ఈమధ్య ఒక శనివారం సాయంత్రం, పక్క గుమ్మంలోకి వెళ్ళడానికి అరగంట దొరకలేదు. ఆయన గురించి మంచిమాటలు చాలామంది చెప్పారు, ఇంకా చెబుతారు. నేనీ నాలుగు ముక్కలూ రాస్తున్నది మాత్రం ఆ అరగంట సంగతి కడుపులో దాచుకోలేక.

పదిహేనేళ్ళ కిందట క్లెమెంటిలో అద్దె గది ఖాళీ చేసి సెంబవాంగ్‌లో ఈ ఫ్లాట్‌కి వచ్చాం. వరండా నిండా అట్టపెట్టెలు. పక్క తలుపు తీసుకుని లుంగీ, బనీనుతో ఒకాయన బయటికొచ్చి, "ఏటమ్మా, మాకన్ అయిందా?" అన్నారు. మొదటి మాట ఉత్తరాంధ్రది, రెండోది మలయ్. భోజనం అయిందా అని అడుగుతున్నారని అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. ఈ పరాయి దేశంలో తెలుగు వినపడిందన్న సంబరంలో, "ఏ ఊరండీ మీది?" అని అడిగేశాను.

"ఈ ఊరే," అన్నారాయన. "మా తాతది ఇశాపట్నం పక్కన సముద్రం ఒడ్డు. ఓడెక్కి ఒచ్చీసినాడు. నాను పుట్టింది ఇక్కడే, నేవల్ బేస్ లైన్లలో."

లైన్లంటే పనివాళ్ళకి వరసగా కట్టిన ఇళ్ళు. ఆయన షిప్‌యార్డులో స్టోర్స్ చూసి రిటైరయ్యారు. ఆంటీ మలేషియా రబ్బరు తోటల తెలుగువాళ్ళమ్మాయి. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే తెలుగులో సగం తమిళం, మలయ్ కలిసిపోయి ఉండేవి. మిగతా సగం మా అమ్మమ్మ కూడా మరిచిపోయిన తెలుగు.

రేడియో అంకుల్ అన్న పేరు మా బ్లాకులో నేను రాకముందు నుంచే ఉంది. టీవీ రాకముందు ఈ ఊళ్ళో శనివారం సాయంత్రమంటే తమిళ రేడియోలో వెరైటీ ప్రోగ్రామే. గంటసేపు పాటలు, మధ్యమధ్య హాస్య సంభాషణ, మిమిక్రీ, మళ్ళీ పాట. ముందే రికార్డు చేసుకోవడం ఉండేది కాదు. స్టూడియోలో పాడింది పాడినట్టు, దగ్గింది దగ్గినట్టు అప్పటికప్పుడే ఇళ్ళలో వినపడేది. షిప్‌యార్డులో శనివారం ఒంటిపూట పని ముగించుకుని, హార్మోనియం పెట్టె పట్టుకుని, రెండు బస్సులు మారి అంకుల్ ఆ స్టూడియోకి వెళ్ళేవారు. ఆయన పాటగాడనుకున్నాను నేను.

"నానా? పాటగాణ్ణి కాదమ్మా. కాలీలు నింపినోణ్ణి," అన్నారు.

పరీక్ష పేపర్లో ఖాళీలు పూరించినట్టా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. అది నిజంగానే ఒక పని. పాటగత్తె మైకు దగ్గర్నుంచి జరిగి, హాస్యం చెప్పేవాళ్ళు మైకు దగ్గరికి వచ్చేలోపు పదిహేను సెకన్లు. ఎవరికైనా గొంతు పట్టేస్తే నలభై సెకన్లు. అన్నీ ముందే అయిపోతే, గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా. ఆ ఖాళీల్లో రేడియో మూగబోకూడదు. మూగబోతే ఇళ్ళలో జనం సెట్టు పాడైందనుకుని దాని నెత్తిన మొడతారు. అందుకని హార్మోనియం. అద్దం వెనకాల ప్రొడ్యూసర్ రెండు చేతులూ దగ్గరగా పెట్టి రబ్బరు సాగదీసినట్టు దూరంగా లాగితే ఇంకా వాయించమని, పిడికిలి బిగిస్తే ఆపమని గుర్తు.

"కాలీలో పాట ఎత్తుకోకూడదమ్మా," అని నాకు పాఠం చెప్పేవారు. "పాటెత్తితే ముగించాల. ఆలు పిడికిలి సూపిస్తే మద్దెలో తుంచీయాల. పాట తుంచీడం పాపం."

మరి ఏం వాయించేవారంటే, మొదలూ చివరా లేని వరసలు. ఎక్కడ ఆపినా అక్కడికి అయిపోయినట్టే ఉండాలి. "ఇనేవోడికి ఆపినట్టు తెలీకూడదు. అయిపోనాదనుకోవాల." ఈ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పారో. ప్రోగ్రాం చివర్లో పాటగాళ్ళ పేర్లు, హాస్యగాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేర్లు చదివేవారు. ఈయన పేరు చదివేటప్పుడు మాత్రం ఈయనే వెనక హార్మోనియం వాయిస్తూ ఉండేవారేమో అని నేను ఏడిపిస్తే, "నా పేరు సదివింది నేదమ్మా," అని తేలిగ్గా అనేశారు.

ఆ అలవాటు రిటైరయ్యాక కూడా ఆయన్ని వదల్లేదు. లిఫ్టులో కింది నుంచి మా పదకొండో అంతస్తు దాకా చిన్నగా కూనిరాగం తీసేవారు. తలుపు తెరుచుకునేసరికి అది సరిగ్గా అయిపోయేది. మధ్యలో ఏడో అంతస్తు చైనీస్ ఆంటీ దిగడానికి లిఫ్టు ఆగితే ఇంకో మెలిక కలిపి పొడిగించేవారు. ఆవిడకీ అది ఎంత అలవాటైపోయిందంటే, నేనొక్కదాన్నే లిఫ్టులో కనిపిస్తే, "టుడే నో మ్యూజిక్ ఆ?" అని అడిగేది. గుళ్ళో పూజారి ఆలస్యమైనా, పెళ్ళికూతురి అలంకారం తెమలకపోయినా అందరూ ఆయన్నే పిలిచేవారు. ఆయన వాయించడం మొదలుపెట్టగానే జనం హాయిగా కబుర్లలో పడిపోయేవారు. ఎవరూ వినడం లేదని ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు, లేదా నొచ్చుకున్నట్టు మాకు తెలియనివ్వలేదు.

ఆ వాయిద్యం విలువ నాకు తెలిసింది మా నాన్న పోయినప్పుడు. విమానాలు ఆగిపోయిన రోజులవి. అమలాపురంలో నాన్నని వాకిట్లో పడుకోబెట్టారు. ఇక్కడ నేను ఫోను గోడకి ఆనించి దాని ముందు కూర్చున్నాను. తమ్ముడు నాన్న ముఖం చూపించబోతుండగా బొమ్మ బిగుసుకుపోయింది. తెర మీద తమ్ముడి మోచెయ్యి, ఒక కుర్చీ కోడు, అంతే. ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదని ఆంక్షలున్నాయి. నాన్న సంగతి ఆంటీ చెప్పినట్టుంది, అంకుల్ మా ఇనప గేటు బయట, చెప్పుల స్టాండు పక్కన, మాస్కు పెట్టుకుని పీట వేసుకు కూర్చుని హార్మోనియం తీశారు. ఏడవకమ్మా అని కూడా అనలేదు. ఆ స్వరం పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలో, పదిహేనో. నా బతుకులో నేను లెక్కపెట్టని నిమిషాలు అవే. తమ్ముడి గొంతు వినపడగానే హార్మోనియం ఆగింది. నాన్న ముఖం చూశాను. కాసేపటికి తల తిప్పేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఆయనకి ఆ రోజుకి సరిపడా కృతజ్ఞత నేనెప్పుడూ చెప్పుకోలేదు.

ఇంత చేసిన మనిషికి ఈ ఏడు ఉగాదికి నేను చేసింది వినండి.

మా తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమం పట్టిక ప్రతి ఏడూ నేనే వేస్తాను. హాలు ఎనిమిదింటికల్లా అప్పజెప్పాలి. నా చేతిలో ఆ కాగితం ఉందంటే పెద్ద పెద్ద గాయకులు కూడా మూడో చరణం మింగేసి దిగిపోతారు. అంకుల్‌కి అందుకే నేనంటే గౌరవం. "నిన్ను మా ప్రొడ్యూసరు సూస్తే ఉజ్జోగం ఇచ్చీసును," అనేవారు. ఈసారి ఆయనే నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నానొక పాట పాడతాను. మా యమ్మ కట్టిన పాట. ఆరున్నర నిమిసాలు," అన్నారు. పదిహేనేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. పదిహేడో అంశంగా రాసుకున్నాను.

ఆ రోజు పదమూడో అంశం పిల్లల నృత్యం. వాళ్ళ పాటున్న పెన్ డ్రైవ్ తెరుచుకోలేదు. గజ్జెలు కట్టుకున్న పిల్లలు వేదిక మీద నిలబడి ఉన్నారు, తల్లులు ఫోన్లలో ఆ పాట వెతుకుతున్నారు. నేను తెర పక్కకి పరిగెత్తి అంకుల్ వంక చూసి, రెండు చేతులూ దగ్గర పెట్టి దూరంగా లాగాను. ఇస్త్రీ చొక్కా, కొత్త పంచెతో తన వంతు కోసం కూర్చున్న మనిషి మారుమాట లేకుండా వచ్చి వాయించారు. పదకొండు నిమిషాలు. హాలంతా కబుర్లు. పాట దొరకగానే నేను పిడికిలి బిగించాను, ఆయన ఆపారు. పిల్లలు ఆడారు, ముఖ్య అతిథి మాట్లాడారు, పదహారో అంశం అయ్యేసరికి ఎనిమిదికి ఇంక నాలుగు నిమిషాలే ఉన్నాయి. పెన్ను తీసి పదిహేడు మీద గీత కొట్టాను.

"సారీ అంకుల్. వచ్చే ఏడాది మీ పాటతోనే మొదలుపెడదాం," అన్నాను.

"పర్లేదమ్మా. పోగ్రాం టయానికి అయిపోవాల," అన్నారు.

హార్మోనియం మూసి, బట్ట కప్పి, తాడు కట్టారు. ఆ తాడు కట్టడానికి ఆయనకి ఎప్పుడూ పట్టేదానికంటే చాలాసేపు పట్టింది. అది నాకు కనిపించింది. హాలు తాళాల హడావుడిలో చూసీ చూడనట్టు వెళ్ళిపోయాను.

మర్నాడు ఆంటీ మా ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చుంది. "ఆయన నీకు చెప్పడు మా. నేను చెప్తా," అంది.

ఆ వెరైటీ ప్రోగ్రాంలో ఒక్క తెలుగు పాట పాడనిస్తానని ప్రొడ్యూసర్ ఆయనకి మాట ఇచ్చాడట. ఆయన వాళ్ళమ్మ పాట సిద్ధం చేసుకున్నారు. ప్రతి శనివారం హాస్యమో ఇంకొకటో సాగిపోయేది, పాటకి టైం ఉండేది కాదు. "అడుత్త వారం తంబీ, అడుత్త వారం," అనేవాడట ప్రొడ్యూసర్. వచ్చే వారం, వచ్చే వారం. ఇక్కడ లైన్లలో వాళ్ళమ్మ ప్రతి శనివారం తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, పొరుగింటి రేడియో ముందు కూర్చునేది. లైన్లలో ఆడవాళ్ళందరూ కూడా వచ్చేవాళ్ళు.

"ఒక వారం పెద్ద పాటగత్తె రాలే. సముద్రం అవతల జొహోర్ నుంచి రావాలి, వంతెన మీద బండ్లు ఆగిపోయినాయి. ఈయన్ని వాయించమన్నారు. వాయిస్తానే ఉన్నాడు, వాయిస్తానే ఉన్నాడు. వాళ్ళమ్మ అందరికీ చెప్పిందంట, అది నా కొడుకు చెయ్యి, చూడండి, ఇప్పుడు ఎత్తుతాడు నా పాట అని. ఈయన ఎత్తలే మా. ఖాళీలో ఎత్తకూడదంట. పాటగత్తె ఏ నిమిషం వస్తుందో తెలియదంట. ఇంటికొస్తే అమ్మ అడిగింది, అంత జాగా ఉంటే నా పాట ఎందుకు పాడలేదురా అని. ఈయన రూలు చెప్పాడు. ఆమె ఇంకేం అడగలే, అన్నం పెట్టింది. ఆ సంవత్సరమే పోయింది ఆమె."

తర్వాత టీవీ వచ్చింది, ప్రోగ్రాం ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆంటీ ఆ వరస హార్మోనియం మీద విన్నదే తప్ప, ఆయన నోరు విప్పి పాడింది వినలేదట. ఏడు చరణాలకి ఏడుసార్లు వాయించి లేచిపోయేవారట. "నిన్న వింటానని పట్టుచీర కట్టుకున్నా మా," అని ఆంటీ తన చేతులు చూసుకుంది.

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "ఆంటీ వాగీసిందా?" అని నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపి, "నాలుగు నిమిసాల పన్నెండు సెకన్లమ్మా ఆ రోజు రేడియోలో. నాలుగు సరణాలు పట్టీసును," అన్నారు. అరవై ఏళ్ళుగా ఆ లెక్క ఆయన దగ్గరే ఉంది.

ఫోనులో రికార్డు చేసుకుంటానన్నాను. చూద్దాంలే అన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఇంతలో ఆయనకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, నెలకు పైగా ఆస్పత్రిలో ఉన్నారు. తిరిగొచ్చాక నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు ఆయనే కబురు పెట్టారు. ఒక్కసారికి ఒక్క చరణం పాడగలరట.

"వారానికొకటి. శనివారం ఆరింటికి. రేడియోలో అంతే," అన్నారు.

నాకెందుకో భయమేసింది. "మాటలన్నీ ఇప్పుడే చెప్పెయ్యండి అంకుల్, రాసుకుంటాను," అన్నాను. ఆయనకి తెలుగు చదవడం, రాయడం రాదు. ఆ పాట ఏ కాగితం మీదా లేదు.

"మాటలు ముందే సెప్పీస్తే వచ్చే వారం నువ్వేటికి ఒస్తావు?" అని కళ్ళెగరేశారు.

అలా శనివారాలు మొదలయ్యాయి. ఆంటీ ఫాను ఆపేసేది, చప్పుడు పడకుండా. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, హార్మోనియం ముందు కూర్చుని, "నేయర్‌గళే" అని పాతకాలపు తమిళ అనౌన్సర్ గొంతుతో శ్రోతలకి నమస్కారం పెట్టేవారు. శ్రోతలంటే నేనూ, ఆంటీ, అప్పుడప్పుడు మా అమ్మాయి. పాట వారంలో రోజుల పాట. నేవల్ బేస్‌లో పొద్దున్నే పనికి పిలిచే సైరన్ కూత కూసేది, మగవాళ్ళు పనికి వెళ్ళేవారు. వాళ్ళమ్మ రోజుకొక చరణం కట్టుకుంది.

సోమవారం కూత కూసె సూరీడింకా లేవలే
సద్దన్నం మూట గట్టి సాగనంపితి మావని

ఇది మొదటిది. మంగళవారం చరణంలో ఆమె ఉతికిన నీలం చొక్కా ఉంది. బుధవారం చరణంలో వాన ఉంది, చినుకుల్లో మావ గొడుగు మరిచిపోయి వెళ్ళడం ఉంది. గురువారం నాటికి బియ్యం అడుగంటుతాయి. శుక్రవారం చరణం పాడుతూ ఆయన మధ్యలో దగ్గారు. మళ్ళీ మొదటి నుంచి పాడతానన్నారు, నేను వద్దన్నాను. ఆ దగ్గు కూడా నా ఫోనులో ఉంది.

శుక్రవారం చరణం అయ్యాక చాలాసేపు ఊపిరి తీసుకుని, "ఇంక రెండమ్మా," అన్నారు. "శనివారం ఒంటిపూట కూత. ఆదివారం సరణంలో కూతే ఉండదు. అయ్య ఇంట్లోనే ఉంటాడు కదా. అదే బాగుంటాది. అది ఇనాల నువ్వు."

ఆ తర్వాతి శనివారం నేను వెళ్ళలేదు. స్కూళ్ళకి సెలవులొచ్చి బస్సుల టైములన్నీ మారాయి. డ్యూటీల పట్టిక మొత్తం మళ్ళీ వేయాలి. ఐదున్నరకి ఆఫీసు నుంచి ఆంటీకి మెసేజ్ పెట్టాను. ఈవేళ రాలేను ఆంటీ, వచ్చే వారం తప్పకుండా వస్తానని అంకుల్‌కి చెప్పండి, అని. పంపేశాక ఆ మాట ఎవరి నోట విన్నదో కూడా నాకు తట్టలేదు. రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరాను. వాళ్ళ గుమ్మంలో దీపం ఉంది. తలుపు తట్టవచ్చు. అలసిపోయాను, రేపు చూద్దామనుకున్నాను. ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారు. సోమవారం ఆఫీసు. మంగళవారం ఆయన పోయారు.

ఆ శనివారం సంగతి ఆంటీ నాకు మండాయి శ్మశానానికి వెళ్ళే బస్సులో చెప్పింది. నిష్ఠూరంగా చెప్పలేదు. "నీ మెసేజ్ నేను ఏడింటికి చూశా మా. ఆరింటికే ఆయన కూర్చున్నాడు. వస్తావు, లిఫ్టు ఆలస్యమేమో అన్నాడు. నువ్వొచ్చేదాకా అని వాయిస్తా ఉన్నాడు. అరగంట. నేనే బలవంతంగా లేపినా." నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఓదార్చవలసినది నేను, ఓదార్చింది ఆవిడ.

మండాయిలో మా వంతు రావడానికి పావుగంట పట్టింది. అంతమందిమీ నేల చూస్తూ నిలబడ్డాం. ఎవరో గొంతు సవరించుకున్నారు, ఎవరో ఫోను చూసుకున్నారు. ఆ పావుగంటా ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇక్కడ పాతకాపుల్లో చాలామంది తమిళుల పద్ధతిలో పదహారో రోజు కర్మ చేస్తారు. మొన్న ఆ రోజున వాళ్ళ హాలు నిండా మనుషులు. జొహోర్ అవతల నుంచి ఆంటీ తరఫు చుట్టాలు, షిప్‌యార్డు పాత స్నేహితులు ఇద్దరు, లిఫ్టు చైనీస్ ఆంటీ. పూజ అయ్యాక ఆంటీ నన్ను పిలిచి, "నీ ఫోన్లో ఉన్నది పెట్టు మా. అందరూ ఉన్నారు," అంది. మా అమ్మాయి అయిదు శనివారాల ముక్కలనీ ఒకదాని వెనక ఒకటి అతికించి ఉంచింది. ఫోటో పక్కన చిన్న స్పీకరు పెట్టాం.

"నేయర్‌గళే," అన్నారు అంకుల్.

ఒకరిద్దరు చిన్నగా నవ్వారు. తర్వాత పాట మొదలైంది. నేను ఆయన పక్కన ఎన్నో సభల్లో కూర్చున్నాను. ఆయన చేతి కింద హార్మోనియం మోగుతుండగా గదిలో ఒక్కరూ మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. సోమవారం, మంగళవారం, బుధవారం. గురువారం దగ్గర షిప్‌యార్డు స్నేహితుల్లో ఒకాయన కళ్ళద్దాలు తీసేశారు. శుక్రవారం మధ్యలో దగ్గు. ఆ తర్వాత ఆఖరి స్వరం, స్పీకరు ఆగిపోయింది.

ఇక్కడ అందరివీ వారానికి అయిదు రోజుల ఉద్యోగాలు. సోమవారంతో మొదలై శుక్రవారంతో ఆగిన పాటలో ఎవరికీ లోటు కనిపించలేదు. కళ్ళు తుడుచుకున్నారు, మెల్లగా లేచారు. "ఎంత బాగుంది! పాట మొత్తం రికార్డు చేసి పుణ్యం కట్టుకున్నారు," అని ఆంటీ మేనల్లుడు నాకు చేతులు జోడించాడు. తల వంచుకున్నాను. కుర్చీలు జరుపుకుంటూ అందరూ భోజనాలకి వంటింటి వైపు నడిచారు.

ఆంటీ లేవలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. వేళ్ళు తాళం వేస్తున్నాయి. మాటలు ఆవిడకి తెలియవు. వరస మాత్రం ఇన్నేళ్ళుగా విన్నది కదా. నేను వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆరో చరణం నడుస్తోంది.

"అమ్మా, కమ్ ఈట్ లా, అందరూ వెయిటింగ్," అని మా అమ్మాయి గుమ్మంలోంచి పిలిచింది. రానని తల ఊపాను.

ఆంటీ వేళ్ళు ఆగాయి. అయిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళు తెరవలేదు. కాసేపటికి వేళ్ళు మళ్ళీ కదిలాయి, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. ఆదివారం చరణం మొదలైంది.